ఎరువు అరిగిపోతుంది, బంకమట్టి మిగులుతుంది

అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. పడిన నీటిని నేల పట్టి ఉంచగలిగితే పెరటి కూరగాయలకు అది మరీ తక్కువేమీ కాదు. చిక్కంతా ఆ పట్టి ఉంచడంలోనే ఉంది. వంగ మొక్క ఎదగకపోతే మన చెయ్యి ముందు యూరియా సంచి మీదికి పోతుంది గానీ, అక్కడి ఎర్రనేలకు మొదట కావాల్సింది నీటిని ఆపుకునే శక్తి. పోషకాల సంగతి ఆ తర్వాతే.

ఆ మట్టి గ్రానైటు, నైస్ రాళ్లు చివికి తయారైంది. రాతిలోని ఇనుము తుప్పు పట్టడం వల్ల ఆ ఎరుపు వచ్చింది. ఇసుక పాలు ఎక్కువ, బంకమట్టి తక్కువ. ఇసుక రేణువు 2 మి.మీ. దాకా ఉండొచ్చు, బంకమట్టి రేణువు 0.002 మి.మీ. కన్నా చిన్నది. రేణువు చిన్నదయ్యే కొద్దీ అంతే బరువు మట్టిలో నీరు అంటుకునే చోటు విపరీతంగా పెరుగుతుంది. పొటాష్, కాల్షియం లాంటివి కూడా ఆ సన్న రేణువులనే పట్టుకుని ఉంటాయి. ఇసుక నేలలో యూరియా చల్లి బిందెలతో నీళ్లు గుమ్మరిస్తే, చాలా భాగం వేళ్లను దాటి కిందికి పోతుంది. పైగా చినుకుల దెబ్బకు పైమట్టి అణిగిపోయి, ఎండ రాగానే పెంకులా గట్టిపడుతుంది. తోటకూర లాంటి సన్న గింజల మొలకలు దాన్ని చీల్చుకుని రాలేవు.

దిబ్బ ఎరువు వేస్తే సరిపోతుందంటారు. నిజమే, కానీ ఎంత వేయాలి? ఒక చదరపు మీటరు మడిలో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 225 కిలోలు తూగుతుంది. భూసార పరీక్షల లెక్కలో సేంద్రియ కర్బనం, అంటే చివికిన ఆకు, పేడ లాంటి వాటి నుంచి మట్టిలో చేరిన కర్బనం, 0.5 శాతం కన్నా తక్కువుంటే పేద నేల, 0.75 దాటితే మంచి నేల. 0.3 శాతమున్న మడిని 0.75కి తేవాలంటే ఇంకో కిలో కర్బనం కావాలి. బాగా చివికిన తడి ఎరువులో అది రావాలంటే దాదాపు పది కిలోలు పోయాలి. అదైనా పోసినదంతా మిగిలితేనే. మిగలదు. వేడి పది డిగ్రీలు పెరిగితే, తడి ఉన్నంతవరకు, మట్టిలోని సూక్ష్మజీవులు ఇంచుమించు రెట్టింపు వేగంతో ఎరువును తినేస్తాయి. అందులో ఎక్కువ భాగం బొగ్గుపులుసు వాయువై గాల్లో కలుస్తుంది. చల్లటి దేశాల వాళ్ల తోట వీడియోలు చూసి ఒక్కసారి ట్రాక్టరు లోడు దింపి ఊరుకుంటే మన దగ్గర కుదరదు. ప్రతి పంటకూ కొంత వేస్తూనే ఉండాలి.

బంకమట్టిని మాత్రం ఏ సూక్ష్మజీవీ తినదు. అందుకే నన్నడిగితే, ఎరువు కన్నా ముందు చెరువు మట్టి. వానకు చేలలోంచి కొట్టుకుపోయే సన్న బంక, దానికి అంటుకున్న సేంద్రియ పదార్థం చివరికి చేరేది చెరువు అడుగునే. వేసవిలో ఆ పూడిక తీసి చేలకు తోలడం పాత అలవాటే. 2015లో తెలంగాణలో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలోనూ రైతులు తమ ట్రాక్టర్లతో ఈ మట్టినే తోలుకున్నారు. పెరటికి రెండు మూడు సెంటీమీటర్ల మందాన పరిచి, ఎండనిచ్చి, ఒక వాన పడి గడ్డలు విరిగాక కలిపితే చాలు. మురుగునీరు చేరే పట్టణపు చెరువు మట్టి జోలికి పోవద్దు.

కర్బనం కోసం రాయలసీమలో మంచి పద్ధతే ఉంది, చేలో గొర్రెల మందను రాత్రిళ్లు ఆపడం. పెరట్లో అది కుదరదు కాబట్టి జనుము, పిల్లిపెసర చల్లి పూతకు రాగానే కలియదున్నండి. వేరుశనగ పొట్టు, వరిగడ్డి, రంపపు పొట్టు మట్టిలో కలపకుండా పైన పరచండి. రంపపు పొట్టులో కర్బనం చాలా ఎక్కువ, నత్రజని చాలా తక్కువ. లోపల కలిపితే దాన్ని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని లాగేసుకుంటాయి, మొక్కలు పాలిపోయి పసుపు రంగుకు తిరుగుతాయి. చెదలు పడితే కప్పు పల్చగా వేసి తరచూ మార్చాలి. పచ్చి పేడ వేస్తే వాటిని పిలిచినట్టే.

ఎత్తు మడులు వానలెక్కువ పడే చోటికి బాగుంటాయి. ఇక్కడ మడి నేల మట్టం కన్నా కాస్త పల్లంగా, చుట్టూ చిన్న గట్టుతో ఉంటే వాన నీరు లోపలే ఇంకుతుంది. రోజూ పైపైన చిలకరిస్తే తడి పైనే ఆగి ఆవిరైపోతుంది, బోరునీటి ఉప్పు మాత్రం మట్టిలో మిగిలి తెల్లగా పేరుతుంది. రోజు విడిచి రోజు లోతుగా తడపడం నయం. పీహెచ్ (నేల పులుపు, క్షార గుణాల కొలత) 8.5 దాటిన చౌడు నేలైతే పరీక్ష చేయించాకే జిప్సం వేయాలి. మామూలు ఎర్రమట్టికి దాని అవసరం లేదు.

మొదటి ఏడు గోరుచిక్కుడు, అలసంద వేయండి. పేద నేలనైనా ఓర్చుకుంటాయి, వేళ్ల బుడిపెల్లో నత్రజనినీ పట్టి పెడతాయి. కాయలు కోసుకున్నాక మొక్కల్ని పీకకుండా మొదలు దగ్గర కోసి, వేళ్లను మట్టిలోనే వదిలేయండి. బెండ, వంగ రెండో ఏడు వేసుకోవచ్చు. టమాటాకు అప్పుడు కూడా తొందరపడొద్దు.