రెండు చేతులు, ఒక రైలు

చిరంజీవులు చిన్నీకి, బంటీకి తాతయ్య ఆశీస్సులు.

నేను పంపిన పియానో పాటలు విని, "తాతయ్యా, వాయించేది ఇద్దరా?" అని చిన్ని అడిగింది. కాదమ్మా, ఒక్కడే. ఆయన పేరు మీడ్ లక్స్ లూయిస్. అమెరికాలోని షికాగోలో పెరిగిన నల్లజాతి కళాకారుడు. మీకు అంతగా నచ్చిన ఆ రైలు పాట 'హాంకీ టాంక్ ట్రైన్ బ్లూస్'. 1927లో రికార్డు చేశాడు. ఈ బాణీని బూగీ వూగీ అంటారు.

మా అమ్మమ్మ తెల్లవారుజామునే రుబ్బురోలు ముందు కూర్చునేది. ఒక చేత్తో పొత్రం తిప్పుతూ, రెండో చేత్తో అంచుకెక్కిన మినప్పిండిని లోపలికి నెట్టేది. తిప్పే చెయ్యి ఆగేది కాదు. నెట్టే చెయ్యి మాత్రం సందు చూసుకుని వచ్చి, ఇన్ని నీళ్లు చిలకరించి, పొత్రం తిరిగొచ్చేలోగా తప్పుకునేది. నాకూ నెట్టాలని ఉబలాటం. "రాయిని చూడకురా, చప్పుడు విను" అనేది అమ్మమ్మ. చప్పుడు విన్నంతసేపూ వేళ్లకు దెబ్బ తగిలేది కాదు. పప్పు నలిగేకొద్దీ గరగర తగ్గి, ఆ చప్పుడే మెత్తబడేది. ఆ పిండితో చేసిన గారెల రుచి వేరు, వచ్చినప్పుడు చెబుతాను.

లూయిస్ ఎడమచెయ్యి పొత్రం తిప్పే చెయ్యి. నాలుగు లెక్కపెట్టేలోగా ఎనిమిది దెబ్బలు, పాటంతా అదే వరస. కుడిచెయ్యి పిండి నెట్టే చెయ్యి. తోచినప్పుడు వస్తుంది, కొన్నిచోట్ల మూడేసి దెబ్బలుగా పరుగెత్తి, లెక్క తప్పిందేమో అని మనం కంగారుపడేలోపే వచ్చి కలుస్తుంది. ఒక్క మనిషి రెండు లెక్కలు ఎలా నడిపాడో విడమరచి చెప్పడం నా వల్ల కాదు. ఎన్నిసార్లు విన్నా ఆశ్చర్యమే.

ఇక పాట వెనక సర్రుమనే చప్పుడు గురించి బంటీ అడిగాడు. అప్పటి రికార్డులు లక్కలో రాతిపొడి కలిపి చేసేవారు. లాడ్ బజార్ గాజులు చేసేది కూడా లక్కతోనే. అప్పట్లో ప్రపంచానికి లక్క ఎక్కువగా మన దేశం నుంచే వెళ్లేది. గ్రామఫోను ముల్లు ఆ గరుకు గాడిలో గీసుకుంటూ పోతుంటే వచ్చేదే ఆ సర్రుమనే చప్పుడు. ఈ పాటను విడుదల చేసిన పారామౌంట్ అనే రికార్డుల సంస్థను నడిపింది ఒక కుర్చీల కంపెనీ. సరుకు చవక, చప్పుడు ఎక్కువ. తర్వాత ఆ రికార్డుల వ్యాపారం మూతపడింది. రికార్డులు ఒత్తే లోహపు అచ్చులు దాదాపు మిగల్లేదు. అందుకే ఈ పాటలను మళ్లీ విడుదల చేసేవాళ్లు, ఎవరింట్లోనో అరిగిపోగా మిగిలిన రికార్డులు వెతికి తెచ్చి, వాటినుంచే పాట దింపుకోవాలి. పాతదని పారేయకుండా అటకమీద దాచినవాళ్ల పుణ్యమే మనం వింటున్నది. మీరూ ఏదైనా పారేసేముందు ఒకసారి పెద్దవాళ్లను అడగండి.

పాటలు రికార్డు చేయించే జాన్ హామండ్ అనే ఆయన ఈ రికార్డు విని, దీన్ని వాయించిన మనిషి కోసం ఏళ్ల తరబడి వెతికాడు. 1935లో షికాగోలో లూయిస్ కార్లు కడుగుతూ దొరికాడు. హామండ్ ఆయనచేత అదే పాటను మళ్లీ రికార్డు చేయించాడు. 1938 డిసెంబరులో లూయిస్ న్యూయార్క్‌లోని పేరుమోసిన కచేరీ మందిరం కార్నెగీ హాల్‌లో వాయించాడు. చిన్నప్పుడు ఇంటి పక్కనుంచి పోయే రైళ్ల చప్పుడు విని పెరిగినవాడు, ఆ రైలును అక్కడిదాకా తీసుకెళ్లాడు.

ఈ ఆదివారం ఇద్దరూ బల్ల ముందు కూర్చోండి. మొదట ఎడమచేత్తో ఎనిమిది దెబ్బలు, ఆపకుండా. అది కుదిరాక కుడిచేతిని వదలండి. ఏ చెయ్యి ముందు తడబడిందో నాకు ఫోన్ చేసి చెప్పాలి.

మీ తాతయ్య