రీడింగ్ కాంప్రహెన్షన్: తప్పు ఆప్షన్లు ఎలా పుడతాయో తెలిస్తే పోయే అపోహలు

పరీక్షల్లో ఒక ప్యాసేజ్ ఇచ్చి దాని మీద ప్రశ్నలడిగే రీడింగ్ కాంప్రహెన్షన్ (ఆర్‌సీ) ఉంటుంది కదా, దాని ప్రాక్టీస్ టెస్టులకు ప్రశ్నలు రాయడం, తర్వాత ఆ టెస్టులు రాసినవాళ్లతో కూర్చుని ఎందుకు తప్పు పెట్టారో చూడడం నా పని. బయటివాళ్లకు పెద్దగా తెలియని సంగతి ఒకటి చెప్తాను. ప్రశ్న రాసేవాళ్లకు సరైన జవాబు రాయడం పెద్ద పని కాదు, సమయమంతా తప్పు ఆప్షన్లే తినేస్తాయి. మొదటి తప్పు ఆప్షన్ ఇట్టే వస్తుంది, రెండోదీ వస్తుంది, మూడోదాని దగ్గరికి వచ్చేసరికి బుర్ర వేడెక్కిపోతుంది, ఎందుకంటే అది ఖచ్చితంగా తప్పై ఉండాలి, అయినా నిజంలా కనపడాలి. అంటే మీరు పొరపాటున తప్పు ఆప్షన్ వైపు వెళ్లడం లేదు, మిమ్మల్ని అటు లాగడానికే దాన్ని రాశారు. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే కింద చెప్పే అపోహలు చాలావరకు వాటంతట అవే వీగిపోతాయి.

అపోహ: భాష బాగా వస్తే ఆర్‌సీ దానంతటదే వచ్చేస్తుంది

భాష రాకపోతే కష్టమే, అందులో వాదన లేదు. కానీ అమెరికాలో లా కాలేజీల్లో చేరడానికి రాసే ఎల్‌శాట్ చూడండి. రాసేవాళ్లలో ఎక్కువమందికి ఇంగ్లిష్ పుట్టినప్పటి నుంచీ మాట్లాడే భాషే, అయినా అందులో రీడింగ్ సెక్షన్ అంటే హడలిపోయేవాళ్లు బోలెడుమంది. 2024 ఆగస్టు నుంచి ఆ పరీక్షలో లాజిక్ గేమ్స్ (కొన్ని నియమాలిచ్చి పజిల్స్‌లా విప్పించే సెక్షన్) తీసేశారు, రీడింగ్‌ని మాత్రం అలాగే ఉంచారు. రాసింది ఎంతవరకు రాశారో అంతవరకే పట్టుకోగలరా లేదా అన్నది అక్కడ చూస్తారు, ఆ అలవాటు భాషతో పాటు ఊరికే రాదు.

అపోహ: ప్యాసేజ్‌లోని మాటలు ఏ ఆప్షన్‌లో ఉంటే అదే జవాబు

నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ మార్కులు మింగేది ఇదే, కాబట్టి దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగుదాం. ఈ పోస్టు కోసం నేనే రాసిన చిన్న ప్యాసేజ్ ఇది, ఒకసారి నిదానంగా చదవండి.

"టైప్‌రైటర్ కీల మీద అక్షరాలను అలా అమర్చింది టైపిస్టుల వేగం తగ్గించడానికేనని చాలాకాలంగా చెప్పుకుంటున్నారు. వేగం తగ్గితే లోపలి కడ్డీలు ఒకదానికొకటి చిక్కుకోవన్నది ఆ వాదన. కొందరు చరిత్రకారులు దీన్ని ఒప్పుకోరు. తొలి యంత్రాలను వాడినవాళ్లలో టెలిగ్రాఫ్ ఆపరేటర్లు కూడా ఉన్నారని, వాళ్ల అవసరాలను బట్టి అమరిక మారి ఉండవచ్చని వాళ్లంటారు. ఈ రెండో వాదనకు పూర్తి ఆధారాలు లేకపోయినా, తొలి నమూనాల్లో అక్షరాలు ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఎందుకు మారాయో ఇది మొదటిదానికంటే బాగా వివరిస్తుంది."

ప్రశ్న: కింది వాటిలో రచయిత దేన్ని ఒప్పుకుంటాడు?

1. అక్షరాల అమరిక టైపిస్టుల వేగం తగ్గించడానికే చేశారు.
2. తొలి టైప్‌రైటర్లను ఎక్కువగా వాడింది టెలిగ్రాఫ్ ఆపరేటర్లే.
3. టెలిగ్రాఫ్ ఆపరేటర్ల అవసరాల వల్లే అమరిక మారిందని చరిత్రకారులు రుజువు చేశారు.
4. నిరూపణకు ఇంకా దూరంగా ఉన్నా, ఒక వివరణ ఇంకోదానికంటే కొన్ని మార్పులకు మెరుగ్గా సరిపోతుంది.

మొదటిది ప్యాసేజ్‌లో దాదాపు అక్షరం పొల్లుపోకుండా ఉంది. కానీ ఆ మాట రచయితది కాదు, 'చెప్పుకుంటున్నారు' అన్న ముక్కతో దాన్ని వేరేవాళ్ల ఖాతాలో వేశాడు. ఎవరి అభిప్రాయం ఎవరిదో కలిపేయించడం మాకు చాలా ఇష్టమైన ట్రాప్, ముఖ్యంగా ప్యాసేజ్‌లో ఇద్దరు ముగ్గురు పండితులు వాదించుకుంటున్నప్పుడు. రెండోది చూడండి, 'వాడినవాళ్లలో కూడా ఉన్నారు' అన్నది 'ఎక్కువగా వాడింది వాళ్లే' అయిపోయింది. ఒక్క మాట పెరిగింది, ఆప్షన్ పోయింది. మూడోదానిలో 'మారి ఉండవచ్చు' కాస్తా 'రుజువు చేశారు' అయింది, వేగంగా చదివేవాళ్ల కళ్లకు ఈ తేడా అసలు ఆనదు.

సరైనది నాలుగోది. అందులో టైప్‌రైటర్ లేదు, టెలిగ్రాఫ్ లేదు, అక్షరాలు కూడా లేవు. పొడిగా, కాస్త నీరసంగా ఉంది. మాటలు మార్చి రాయకపోతే కళ్లతో వెతికి పట్టేస్తారు కాబట్టి, సరైన జవాబును వేరే మాటల్లోకి మార్చి ప్యాసేజ్ మాటల్ని తప్పు ఆప్షన్లలో చల్లుతాం. అలాగని మాటలు కలిసిన ప్రతి ఆప్షన్ తప్పని ఇంకో సూత్రం కట్టుకోకండి, అదీ పనిచేయదు. మాటలు కలిశాయి కదా అని నమ్మడం మానేస్తే చాలు.

అపోహ: 'ఎప్పుడూ', 'మాత్రమే', 'అందరూ' ఉంటే కళ్లు మూసుకుని కొట్టేయొచ్చు

ఇది ఒకప్పుడు పనిచేసేది కాబోలు. ఈ చిట్కా అందరికీ తెలిసిపోయిందని ప్రశ్నలు రాసేవాళ్లకూ తెలుసు. ప్యాసేజ్‌లోనే 'ఏ ఒక్క నమూనా మిగల్లేదు' అని ఉంటే 'అన్నీ నాశనమయ్యాయి' అన్న ఆప్షన్ ఎంత గట్టిగా వినిపించినా సరైనదే అవుతుంది. ఇంకో పక్క 'కొన్నిసార్లు', 'ఉండవచ్చు' లాంటి మెత్తటి మాటలు తగిలించి ప్యాసేజ్‌లో ఊసే లేని సంగతి లోపలికి తోసేస్తాం, చాలామంది దాన్ని చూసి హమ్మయ్య అనుకుని టిక్ పెట్టేస్తారు. గట్టి మాట కనిపిస్తే అనుమానించండి, తప్పులేదు. ఆ అనుమానాన్ని ప్యాసేజ్ దగ్గరికి తీసుకెళ్లి తేల్చుకోండి, అక్కడ ఎంత గట్టిగా చెప్పారో ఇక్కడా అంతే ఉందా అని.

అపోహ: ఇన్ఫరెన్స్ ప్రశ్న అంటే మన ఊహ వాడాలి

అసలు తెలివైనవాళ్లు ఇక్కడే పడతారు. ఇన్ఫరెన్స్ అంటే ప్యాసేజ్‌లో ఉన్నవి నిజమైతే ఇది కూడా నిజం కాక తప్పదు అన్నంత దగ్గరి మాట. మహా అయితే ఒక అడుగు. రెండో అడుగు వేశారంటే అది మీ సొంత వ్యాసం. పై ప్యాసేజ్ నుంచి 'అమరిక ఎలా వచ్చిందన్న దాని మీద ఏకాభిప్రాయం లేదు' అనొచ్చు. 'పాత వాదన మీద జనానికి నమ్మకం తగ్గుతోంది' అనకూడదు, వినడానికి ఎంత సబబుగా ఉన్నా సరే.

విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్ (ఇచ్చిన వాక్యం ప్యాసేజ్ ప్రకారం నిజమా, తప్పా, అసలు చెప్పలేదా) దగ్గర వచ్చే గొడవంతా ఇదే. 'చరిత్రకారులందరూ మొదటి వాదనను ఒప్పుకుంటారు' అంటే ఫాల్స్, ఎందుకంటే ప్యాసేజ్ దానికి అడ్డంగా మాట్లాడుతోంది. 'టెలిగ్రాఫ్ ఆపరేటర్లకు కొత్త అమరిక నచ్చింది' అంటే నాట్ గివెన్, నచ్చిందో లేదో ప్యాసేజ్ నోరు విప్పలేదు. ఫాల్స్ పెట్టాలంటే దాన్ని కాదనే వాక్యం మీద వేలు పెట్టి చూపించగలగాలి. వేలు పెట్టడానికి చోటు లేక వెతుకుతూనే ఉన్నారంటే అది చాలాసార్లు నాట్ గివెనే. ఈ రకం ప్రశ్నలు అక్కడ ప్యాసేజ్ వరుసలోనే వస్తాయి కాబట్టి ముందు ప్రశ్నకూ తర్వాత ప్రశ్నకూ జవాబు దొరికిన చోట్ల మధ్య వెతికితే చాలు, మూడు పేజీలూ తిరగేయక్కర్లేదు.

అపోహ: తెలిసిన సబ్జెక్ట్ మీద ప్యాసేజ్ వస్తే పంట పండినట్టే

చదవడం తేలికవుతుంది, నిజమే. కానీ జవాబు తల్లోంచి వస్తుంది, పేజీలోంచి కాదు. పై ప్రశ్నలో మొదటి ఆప్షన్ పెట్టేది ఎక్కువగా ఆ కీబోర్డు కథ ముందే ఎక్కడో విన్నవాళ్లే. లోకంలో నిజమైనా ప్యాసేజ్‌లో లేని మాట జవాబు కాదు, ఒక్కోసారి ప్యాసేజ్‌లో ఉండి, నిజమై కూడా అడిగిన ప్రశ్నకు సంబంధం లేనిదై ఉంటుంది. ఈ రెండో రకం మరీ ఘోరం, వెనక్కి వెళ్లి చూసినా దొరుకుతుంది కాబట్టి ధైర్యంగా పెట్టేస్తారు.

అపోహ: మెయిన్ ఐడియా మొదటి పేరాలోనో చివరి వాక్యంలోనో ఉంటుంది

ఉండొచ్చు, ఉండకపోవచ్చు. మొదటి పేరాలో ఒక పాత నమ్మకం చెప్పి రెండో పేరాలో 'అయితే' అని దాన్ని పడగొట్టే ప్యాసేజ్‌లు కుప్పలుతెప్పలు. ఈ ప్రశ్నలో తప్పు ఆప్షన్లు సైజు తేడాతో వస్తాయి, ఒకటి ఒక్క పేరాకే సరిపోతుంది, ఇంకొకటి 'ఆవిష్కరణల చరిత్ర' అన్నంత ఆకాశానికి వెళ్లిపోతుంది. రచయిత ఇది ఎందుకు రాశాడు అని ఆప్షన్లు చూడకముందే మీ మాటల్లో ఒక్క వాక్యం అనుకోండి. రచయిత ధోరణి ఏమిటని అడిగే టోన్ ప్రశ్నకూ అదే పని చేస్తుంది. పండితుల ప్యాసేజ్‌లలో రచయితలు మరీ కోపంగానో మరీ మురిసిపోతూనో రాయడం తక్కువ, 'కొన్ని అభ్యంతరాలతో సమర్థన' లాంటి మధ్యస్థపు టోన్లే ఎక్కువ కనిపిస్తాయి.

పదం అర్థం అడిగే ప్రశ్నల గురించి రెండు ముక్కలు. అందరికీ తెలిసిన అర్థం ఆప్షన్లలో మొదట కనిపిస్తే ఆగండి, తెలిసిన పదాన్ని కావాలని అడిగారంటే అక్కడ దాన్ని ఇంకో అర్థంలో వాడి ఉంటారు. ఆప్షన్‌ని వాక్యంలో పెట్టి చదవండి, అంతే.

అపోహ: ముందు ప్రశ్నలు చదవాలి (లేదా ముందు ప్యాసేజే చదవాలి)

దీని మీద జనం కొట్టుకుచస్తారు, నాకు అర్థం కాదు. ఐఈఎల్‌టీఎస్‌లో రీడింగ్‌కి 60 నిమిషాల్లో 40 ప్రశ్నలు, చాలావరకు వివరాలు వెతికేవి, ముందు ప్రశ్నల మీద ఓ చూపు వేస్తే లాభమే. అమెరికాలో డిగ్రీ కాలేజీల్లో చేరడానికి రాసే డిజిటల్ శాట్‌లో ఒక చిన్న ప్యాసేజ్‌కి ఒకే ప్రశ్న, అక్కడ ఏది ముందు చదివినా కొంపలు మునగవు. వాదన మీద నడిచే పొడుగు ప్యాసేజ్ అయితే ముందు ప్యాసేజే చదవమంటాను, లేకపోతే వాదన ముక్కలుముక్కలుగా తలకెక్కుతుంది.

అపోహ: స్పీడ్ పెంచుకుంటే స్కోరు పెరుగుతుంది

చాలామందికి సమయం పోయేది చదవడంలో కాదు, చివరికి మిగిలిన రెండు ఆప్షన్ల మధ్య ఊగిసలాటలో. ఆ రెండింటినీ మళ్లీ మళ్లీ చదివితే రెండూ ఇంకా అందంగా కనిపిస్తాయి. ఏది బాగుందని కాకుండా ఏ మాట దగ్గర విరుగుతుందని అడగండి, సగం నిజం సగం అబద్ధం ఆప్షన్లలో అబద్ధం ఎక్కువగా రెండో సగంలో దాక్కుంటుంది. ఐఐఎంల లాంటి చోట ఎంబీఏ సీటు కోసం రాసే క్యాట్‌లో ఆప్షన్లున్న ప్రశ్నకు సరైతే 3 మార్కులు, తప్పైతే 1 పోతుంది, రెండు ఆప్షన్లకు తగ్గించగలిగితే వదిలేయడం కంటే పెట్టడమే మేలు. విదేశాల్లో పీజీ కోసం రాసే జీఆర్‌ఈలో మూడు ఆప్షన్లలో సరైనవన్నీ ఎంచుకోమనే రకం ఉంది, అక్కడ కొన్నే సరిగ్గా పెడితే సగం మార్కులు కూడా రావు, కాబట్టి ఒక్కో ఆప్షన్‌నీ విడిగా అవునా కాదా అని తేల్చాలి, పోల్చకూడదు.

అపోహ: మొదట తట్టిందే సరైనది, మార్చకూడదు

జవాబులు మార్చుకోవడం మీద జరిగిన పరిశోధనల్లో తప్పు నుంచి ఒప్పుకి మారేవే ఎక్కువని పదేపదే తేలింది. ఒప్పు నుంచి తప్పుకి మార్చిన ఒక్కటి మాత్రం ఏళ్లు గడిచినా గుర్తుండి కుళ్లబొడుస్తుంది, అందుకే ఈ నమ్మకం చావదు. బిజినెస్ స్కూళ్లలో చేరడానికి రాసే జీమ్యాట్‌లో ఇప్పుడు సెక్షన్ చివర్లో సమయం మిగిలితే మూడు జవాబుల దాకా మార్చుకోనిస్తారు, ఆ మూడింటినీ టెన్షన్‌తో కాల్చేసుకోకండి. ప్యాసేజ్‌లో ముందు చూడని వాక్యం ఒకటి ఇప్పుడు కనిపించిందా, మార్చండి. ఎందుకో అనుమానంగా ఉంది అంతే అయితే వదిలేయండి.