నిద్రమత్తు డ్రైవింగ్: పనిగంటల చట్టం నుంచి నేరం దాకా

హైదరాబాద్‌లో రాత్రిపూట బ్రీత్ అనలైజర్‌తో నిలబడే ట్రాఫిక్ పోలీసు, డ్రైవర్ రక్తంలో ఆల్కహాల్ 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాముల పరిమితి దాటిందో లేదో క్షణాల్లో తేల్చగలడు. రాత్రంతా కన్ను మూయని డ్రైవర్ మాత్రం ఆ పరీక్షలో సులువుగా నెగ్గి వెళ్లిపోతాడు. పదిహేడు గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని 1997లోనే ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు.

మన చట్టం నిద్రలేమిని మొదటినుంచీ కార్మిక సమస్యగానే చూసింది. 1939 నాటి మోటారు వాహనాల చట్టంలోని 65వ సెక్షన్ రవాణా వాహనాల డ్రైవర్ల పనిగంటలకు హద్దు పెట్టింది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8, వారానికి 48 గంటలని నిర్ణయించి, ఐదు గంటల పని తర్వాత అరగంట విరామం తప్పనిసరి చేసింది. 1988 నాటి కొత్త మోటారు వాహనాల చట్టంలోని 91వ సెక్షన్ కూడా పనిగంటల విషయంలో దానివైపే వేలు చూపింది. అయితే 1961 చట్టం వర్తించింది ఐదుగురు, అంతకుమించి కార్మికులున్న సంస్థలకే. సొంత కారును యాప్‌కు తిప్పుకునే డ్రైవరు గానీ, ఆఫీసు ముగించుకుని రాత్రికి రాత్రే విజయవాడ బయలుదేరే ఉద్యోగి గానీ ఆ లెక్కలోకి రాలేదు. యాప్ డ్రైవర్లకు రోజుకు 12 గంటల పరిమితి కేంద్ర మార్గదర్శకాల్లో చేరింది 2020లో. సొంత ప్రయాణానికి ఏ పరిమితీ లేదు.

ప్రమాదం జరిగాక కథ వేరు. మోటారు వాహనాల చట్టంలోని 186వ సెక్షన్ రోగం, వైకల్యం గురించి మాట్లాడుతుందే తప్ప నిద్ర పేరెత్తదు కనుక, కేసు నిర్లక్ష్యపు డ్రైవింగ్ కిందికే వస్తుంది. నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే పాత భారతీయ శిక్షాస్మృతి (ఐపీసీ) 304ఎ సెక్షన్ ప్రకారం గరిష్ఠ శిక్ష రెండేళ్లు. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106(1) దాన్ని ఐదేళ్లకు పెంచింది. నిద్రపోయినవాడు తెలిసి చేసిందేముంది అన్న వాదన పాతదే. నైట్ షిఫ్టు ముగించుకుని ఇంటికి వెళుతూ నిద్రలోకి జారి సైనికుల వరుసను ఢీకొన్న కార్మికుడి కేసులో, 1945లోనే ఇంగ్లండ్ హైకోర్టు దీనికి బదులిచ్చింది: నిద్ర ముంచుకొస్తోందని తెలిసీ బండి ఆపకపోవడమే తప్పు. షిఫ్టుల మీద బతికే గచ్చిబౌలికి ఈ తీర్పు పరాయిదేమీ కాదు. అమెరికాలోని న్యూజెర్సీ 2003లో మరో అడుగు వేసి, 24 గంటలుగా నిద్రలేకుండా నడిపి ప్రాణం తీస్తే దాన్ని నిర్లక్ష్యంగానే పరిగణించవచ్చని చట్టం చేసింది.

158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీద ఈ ప్రశ్న మరింత పదునెక్కుతుంది. సిగ్నళ్లు, మలుపులు లేని దారి తెల్లవారుజామున జోకొడుతుంది. 120 కిలోమీటర్ల వేగంతో మూడు సెకన్లు రెప్ప వాలితే కారు వంద మీటర్లు వెళ్లిపోతుంది. 2024 ఫిబ్రవరిలో ఎమ్మెల్యే లాస్య నందిత మరణించిన ప్రమాదంలోనూ డ్రైవరుకు కునుకు పట్టి ఉండవచ్చన్న అనుమానం వచ్చింది.

కేంద్ర రవాణా శాఖ వార్షిక నివేదికలు ఉల్లంఘనలను అతివేగం, మద్యం, రాంగ్ సైడ్, సెల్‌ఫోన్ అంటూ విడదీస్తాయి గానీ నిద్రకు విడిగా గడి లేదు. రుజువు కష్టమన్న సాకు ఇప్పుడు అంత బలమైనదేమీ కాదు. ఔటర్ మీద ఎక్కిన, దిగిన సమయాలు, విజయవాడ దారిలో పంతంగి, కొర్లపహాడ్ టోల్ ప్లాజాల ఫాస్టాగ్ నమోదులు, ఫోన్ వాడకం, ఆఫీసు హాజరు కలిపి చూస్తే, డ్రైవరు ఎన్ని గంటలుగా మేలుకుని ఉన్నాడో దర్యాప్తు అధికారి చాలావరకు లెక్కకట్టగలడు.