ముందు ర్యామ్ లేవాలి: చవక బోర్డుల్లో ఓపెన్ ఫర్మ్‌వేర్ వెనక కథ

పవర్ బటన్ నొక్కగానే ఎక్స్86 ప్రాసెసర్ నేరుగా 4 జీబీ హద్దుకు 16 బైట్ల కిందున్న చిరునామాకు వెళ్లి, అక్కడి ఆదేశాన్ని చదువుతుంది. ఆ చిరునామాలో పలికేది ర్యామ్ కాదు, బోర్డు మీద ఓ మూల కూర్చున్న చిన్న ఫ్లాష్ చిప్. ఆ క్షణంలో ర్యామ్ స్లాట్‌లో ఉన్నా లేనట్టే లెక్క. ఏ వేగంతో నడవాలో, ఏ సంకేతానికి ఎంత ఆలస్యం పెట్టుకోవాలో మెమరీ కంట్రోలర్‌కు ఎవరో ఒకరు చెప్పేదాకా అందులో ఒక్క బైట్ కూడా నిలవదు. చెప్పాల్సింది ఫర్మ్‌వేర్, అంటే ఆ ఫ్లాష్ చిప్‌లో ఉండే ప్రోగ్రామ్. అంటే ర్యామ్‌ను లేపే ప్రోగ్రామ్ ర్యామ్ లేకుండానే నడవాలి.

ఓపెన్ సోర్స్ బూట్ ఫర్మ్‌వేర్ చరిత్రను చాలామంది స్వేచ్ఛ కథగానో, భద్రత కథగానో చెబుతారు. అదీ నిజమే. కానీ ఏ బోర్డు మీద అది నడిచింది, దేని మీద నడవలేదు అని వరసగా చూసుకుంటూ వస్తే నాకు కనబడేది ఒక్కటే ప్రశ్న: ర్యామ్‌ను లేపే కోడ్ ఎవరి చేతిలో ఉంది? దానికి జవాబు దొరికిన చోటల్లా ఎక్కువగా తగిలేవి ఖరీదైన బోర్డులు కావు. ఫ్యాన్ కూడా అక్కర్లేని, నాలుగు వాట్లో పది వాట్లో తాగే చవక బోర్డులే.

మొదట్లో ఈ కోడ్ అంత రహస్యమేమీ కాదు. 1981లో ఐబీఎం తన పీసీతో పాటు ఇచ్చిన టెక్నికల్ రిఫరెన్స్ మాన్యువల్‌లో బయోస్ (పీసీని లేపే ఫర్మ్‌వేర్) లిస్టింగ్ మొత్తం అచ్చువేసింది. చదువుకోవచ్చు, వాడుకోకూడదు; కాపీరైట్ ఐబీఎందే. అందుకే కాంపాక్ 1982లో దొడ్డిదారి కాని దారి ఒకటి వెతికింది. ఒక బృందం బయోస్ ఏం చేస్తుందో వివరంగా రాసిస్తే, అసలు కోడ్ కంటబడని మరో బృందం దాన్ని కొత్తగా రాసింది. 1984 నాటికి ఫీనిక్స్ ఇలాంటి బయోస్‌ను లైసెన్స్‌కు అమ్మడం మొదలుపెట్టింది. అక్కణ్నుంచి బయోస్ అంటే కొనుక్కొచ్చే సరుకైపోయింది. చిప్‌సెట్ (ప్రాసెసర్‌ను మిగతా భాగాలతో కలిపే చిప్‌లు) తయారీదారు తన చిప్ గుట్టును గోప్యతా ఒప్పందం మీద బయోస్ కంపెనీకి ఇస్తాడు, బయోస్ కంపెనీ బోర్డు తయారీదారుకు అమ్ముతుంది, కొన్నవాడికి మిగిలేది సెటప్ స్క్రీన్ ఒక్కటి.

ఆ గొలుసును తెంచాలన్న కోరిక సూపర్ కంప్యూటర్ల గదిలో పుట్టింది. 1999లో అమెరికాలోని లాస్ అలమోస్ నేషనల్ లాబొరేటరీలో రాన్ మిన్నిక్ బృందం మామూలు పీసీలను వందల సంఖ్యలో కలిపి క్లస్టర్లు కడుతోంది. కీబోర్డు లేకపోతే ఆగిపోయి 'ఎఫ్1 నొక్కండి' అని అడిగే బయోస్ వాళ్లకు పెద్ద తలనొప్పి. కీబోర్డే లేదు మొర్రో అంటుంటే దాని మీద మీట నొక్కమనే ఆ సందేశం మీద జోకులకు లోటు లేదు గానీ, సెట్టింగ్ ఒక్కటి మార్చడానికి మానిటర్, కీబోర్డు మోసుకుంటూ మిషన్ మిషన్ దగ్గరకూ వెళ్లేవాడికి నవ్వు రాదు. బయోస్‌ను పీకేసి ఫ్లాష్ చిప్‌లో లినక్స్ కెర్నెల్‌నే, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయనే, పెట్టేస్తే పోలా అనుకున్నారు. డిస్కులు, నెట్‌వర్కు, పీసీఐ అన్నీ కెర్నెల్‌కు ఎలాగూ తెలుసు. ర్యామ్ లేపడానికి ముందు కొంచెం కోడ్ ఉంటే చాలు. అదే లినక్స్‌బయోస్. ఆ 'కొంచెం' పని పాతికేళ్లు దాటినా ఇంకా సాగుతూనే ఉంది.

తొలిరోజుల్లో చేయందించినవాళ్లలో తైవాన్ చిప్ సంస్థ సిస్ ఒకటి. చవక పీసీల్లో వాడే తన 630 చిప్‌సెట్ పత్రాలు ఇచ్చింది. పెద్ద కంపెనీలు గుమ్మం దగ్గరే ఆపేస్తే చిన్న కంపెనీ లోపలికి రానిచ్చింది. ఈ తీరు తర్వాత కూడా మళ్లీ మళ్లీ కనబడుతుంది.

ఇంతలో కెర్నెల్ లావెక్కింది. చవక బోర్డుల మీది ఫ్లాష్ 256, 512 కేబీల దగ్గరే ఆగింది. అందులో కెర్నెల్ పట్టదు. దాంతో పనిని రెండుగా విడదీశారు. హార్డ్‌వేర్‌ను లేపడం వరకే ఫర్మ్‌వేర్ పని, ఆ తర్వాత పగ్గాలు ఒక 'పేలోడ్'కు ఇచ్చేస్తుంది. అది ఆపరేటింగ్ సిస్టమ్‌ను లోడ్ చేసే గ్రబ్ కావచ్చు, పాత బయోస్ పిలుపులకు బదులిచ్చే సీబయోస్ కావచ్చు, చోటుంటే కెర్నెలే కావచ్చు. లినక్స్ తప్పనిసరి కాదు, బయోసూ కాదు అని తేలాక ఆ పేరులో అర్థం మిగల్లేదు. 2008 జనవరిలో ప్రాజెక్టు పేరు కోర్‌బూట్‌గా మారింది.

ర్యామ్ లేకుండా ప్రోగ్రామ్ నడపడమంటే ఏమిటో ఒకసారి దగ్గరగా చూడాలి. సీ భాషకు స్టాక్ (తాత్కాలిక లెక్కలు దాచుకునే చోటు) కావాలి, స్టాక్‌కు ర్యామ్ కావాలి. ర్యామ్ లేదు కాబట్టి అసెంబ్లీయే గతి. మెమరీ స్టిక్ మీద ఒక చిన్న ఈప్రామ్ ఉంటుంది. స్టిక్ సైజెంత, ఎంత వేగం తట్టుకుంటుంది అన్న వివరాలు అందులో ఉంటాయి. ఎస్ఎంబస్ అనే రెండు తీగల దారి మీద వాటిని చదవాలి, లెక్కలు కట్టాలి, కంట్రోలర్ రిజిస్టర్లలో నింపాలి. ఇదంతా ప్రాసెసర్‌లోని గుప్పెడు రిజిస్టర్లతోనే. ప్రాజెక్టులోని ఎరిక్ బీడర్‌మన్ దీనికి రోమ్‌సీసీ (romcc) అనే కంపైలర్ రాశాడు. సీ కోడ్‌ను తీసుకుని, ర్యామ్‌ను అసలు ముట్టుకోకుండా రిజిస్టర్లతోనే సరిపెట్టే మెషిన్ కోడ్ ఇస్తుంది. దాదాపు 25 వేల లైన్లు, ఒకటే ఫైలు. చూస్తే దణ్ణం పెట్టాలనిపిస్తుంది, తెరిచి దిద్దాలని మాత్రం అనిపించదు. తర్వాత ప్రాసెసర్ లోపలి చిన్న మెమరీ అయిన క్యాష్‌నే కాసేపు ర్యామ్‌లా వాడుకునే పద్ధతి వచ్చి ఆ కష్టం తీర్చింది.

చవక బోర్డులకు అసలు రోజులు వయా అనే చిప్ సంస్థ తెచ్చిన మినీ ఐటీఎక్స్‌తో వచ్చాయి. 2001లో ఆ సంస్థ 17 సెంటీమీటర్ల చదరపు బోర్డు నమూనాను ప్రకటించింది. ఆ తర్వాత వచ్చిన ఎపియా బోర్డుల్లో కొన్నింటికి ఫ్యాన్ కూడా అక్కర్లేదు. రౌటర్లు, మ్యూజిక్ పెట్టెలు కట్టుకునేవాళ్లు వాటి వెంట పడ్డారు. లినక్స్‌బయోస్ కూడా త్వరగానే వాటి మీదకు చేరింది. ఆ వెనకే జియోడ్ అనే తక్కువ వాట్ల ప్రాసెసర్ వచ్చింది. నేషనల్ సెమీకండక్టర్ నుంచి 2003లో ఏఎండీ కొనుక్కున్న ఈ చిప్‌కు పత్రాలు బయటే దొరికేవి. ఏఎండీ ఇంజినీర్లు స్వయంగా కోడ్ రాసిచ్చారు. పిల్లల కోసం చేసిన ఎక్స్ఓ-1 ల్యాప్‌టాప్‌లో ఉన్నది 433 మెగాహెర్ట్జ్ జియోడే. దాని తొలి నమూనాలను లేపింది లినక్స్‌బయోస్. తర్వాత 'ఓపెన్ ఫర్మ్‌వేర్' అనే పేరున్న మరో ప్రాజెక్టు ఆ పని మొత్తం తన మీద వేసుకుంది.

జియోడ్ విషయంలో ఇంత ధారాళం ఎందుకు? ఔదార్యం కాదనే నా అభిప్రాయం. తక్కువ వాట్ల చిప్‌లను కొనేది ఎక్కువగా చిన్న పరికరాలు చేసుకునే కంపెనీలు. ఒక్కొక్కరు కొనేది కొన్ని వేలు. బోర్డు ఒక్కొక్కరిదీ ఒక్కో రకం. అందరి చేయి పట్టుకుని నడిపించడం కన్నా పత్రాలు బయట పెట్టేయడమే చిప్ కంపెనీకి చవక. కోట్లలో అమ్ముడుపోయే డెస్క్‌టాప్ చిప్‌కు ఆ అవసరం ఉండదు.

అయినా పత్రాలు చేతికొస్తే పని అయిపోయినట్టు కాదు. కొత్త బోర్డు మీద ముందుగా కావాల్సింది స్క్రీన్ కాదు, అక్షరాలను తీగ మీద అవతలి కంప్యూటర్‌కు పంపే సీరియల్ పోర్టు. అదేమో సూపర్ ఐఓ అనే మరో చిప్‌లో ఉంటుంది, దాని తలుపు వేసి ఉంటుంది. విన్‌బాండ్ చిప్ అయితే హెక్సాలో 2ఈ పోర్టుకు 87 అనే బైట్‌ను రెండుసార్లు పంపాలి, అప్పుడు తెరుచుకుంటుంది. ఐటీఈ చిప్‌దైతే తాళంచెవి వేరు: 87, 01, 55, 55. అది సరిగా పడితే అవతలి కంప్యూటర్ టెర్మినల్‌లో 115200 బాడ్ వేగంతో మొదటి లైను వస్తుంది. పడకపోతే ఏమీ రాదు. బోర్డు చచ్చిందో, పోర్టు తెరుచుకోలేదో, కేబుల్ తిరగబడిందో చెప్పేవాడుండడు. నేను మొదటిసారి ఒక సాయంత్రమంతా ఇలా నల్లటి టెర్మినల్ ముందు కూర్చున్నాను. చివరికి చూస్తే బోర్డు బానే ఉంది. నేను వాడిన కేబుల్‌లో పిన్నుల వరస బోర్డు మీది హెడర్‌కు సరిపోలేదు, అంతే.

పత్రాలు లేని బోర్డుల సంగతి మరో రకం. ఇంటెల్ 2008లో ఆటమ్ అనే చిన్న ప్రాసెసర్ తెచ్చింది. దాని డీ945జీసీఎల్ఎఫ్ బోర్డు ఒక వింత. ప్రాసెసర్ 4 వాట్లది, పక్కనున్న 945జీసీ చిప్ 22 వాట్లది. ఫ్యాన్ ఉన్నది చిప్‌సెట్ మీద, ప్రాసెసర్ మీద కాదు. ఆ 945 కుటుంబానికి కోర్‌బూట్ కోడ్ రావడం, అందులో ప్రధాన ప్రాసెసర్ పక్కనుండి పెత్తనం చేసే ఇంటెల్ చిన్న ప్రాసెసర్ మేనేజ్‌మెంట్ ఇంజిన్ లేకపోవడం రెండూ కలిసొచ్చి, ఆ చిన్న బోర్డు చాలామందికి ఇష్టమైపోయింది. తర్వాతి తరం డీ510ఎంఓకు మాత్రం బోర్డు వచ్చిన ఐదారేళ్లకు గానీ మోక్షం కలగలేదు.

పత్రాలు లేనప్పుడు చేసే పని దాదాపు చాటునుండి మాటలు వినడమే. 2009లో వచ్చిన సీరియల్‌ఐస్ అనే పరికరం దీనికి మార్గం చూపింది. బోర్డు ఫ్లాష్‌లో చిన్న గుమాస్తా లాంటి ప్రోగ్రామ్ ఒకటి కూర్చుంటుంది. అసలు బయోస్‌ను మరో కంప్యూటర్‌లో, కంప్యూటర్‌ను అనుకరించే క్యూఎంయూ అనే ప్రోగ్రామ్ కింద నడుపుతారు. బయోస్ హార్డ్‌వేర్‌ను తాకబోయిన ప్రతిసారీ ఆ కోరిక సీరియల్ తీగ మీదుగా నిజం బోర్డుకు వెళ్తుంది, జవాబు తిరిగొస్తుంది, మధ్యలో అంతా లాగ్‌లో పడుతుంది. ఏ రిజిస్టర్‌లో ఏ అంకె పెట్టిందో తెలుస్తుంది. ఎందుకు పెట్టిందో తెలియదు. ఆ 'ఎందుకు' ఊహించడానికే ఏళ్లు పట్టేది. ఆ అంకెలనే గుడ్డిగా తిరిగి రాస్తే ఆ ఒక్క మెమరీ స్టిక్‌తో బోర్డు లేస్తుంది, మరో స్టిక్ పెట్టగానే మొరాయిస్తుంది.

అందుకే 2011ను నేను ఈ కథలో పెద్ద సంవత్సరంగా లెక్కపెడతాను. ఆ జనవరిలో ఏఎండీ బ్రాజోస్ కుటుంబాన్ని విడుదల చేసింది: 18 వాట్ల ఈ-350, 9 వాట్ల సీ-50. కొద్ది వారాలకే దాన్ని లేపే తన సొంత కోడ్ ఏజీసాను, ఎవరైనా వాడుకోనిచ్చే బీఎస్‌డీ లైసెన్స్ కింద సోర్సుతో సహా కోర్‌బూట్‌కు ఇచ్చేసింది. అప్పటిదాకా ఒప్పందం మీద సంతకం పెట్టినవాళ్లకు మాత్రమే కనబడిన మెమరీ ట్రైనింగ్ (ర్యామ్ సంకేతాల సమయాలు పరీక్షించి కుదర్చడం) కోడ్ అది. చదవడానికి కష్టమే, శైలి వేరు, పేర్లు బారెడు. అయినా 'ఎందుకు' అన్నదానికి జవాబు అందులో ఉంది. రాబోయే చిప్‌లన్నిటికీ మద్దతిస్తామని కూడా ఏఎండీ ఆ ఏడాదే చెప్పింది.

అస్‌రాక్ ఈ350ఎం1 బోర్డు ఆ ఏడాదే కోర్‌బూట్‌లో చేరింది. దాని అందం కోడ్‌లో కన్నా సాకెట్‌లో ఉంది. ఫ్లాష్ చిప్‌ను బోర్డుకు అతికించలేదు, ఎనిమిది కాళ్ల చిప్‌ను గోటితో లేపి తీయొచ్చు. ఖాళీ చిప్ ఇంకోటి కొని అందులో కొత్త ఫర్మ్‌వేర్ రాసి పెట్టుకోవచ్చు, లేవకపోతే పాతది మళ్లీ గుచ్చొచ్చు. సాకెట్ లేని బోర్డులకు ఇప్పటికీ క్లిప్పే గతి. చిప్ బోర్డు మీద ఉండగానే క్లిప్ పట్టించి రాయడమంటే, బోర్డంతా ఆ కరెంటులో వాటా అడుగుతుంటే చదవడమే తప్పుల తడక అవుతుంది. రెండుసార్లు చదివి రెండు ఫైళ్లూ ఒకటేనని సరిచూసుకోకుండా చెరపొద్దని అనుభవమున్నవాళ్లు చెప్పేది అందుకే. చిప్‌లో రాసే చవక యూఎస్‌బీ పరికరాల్లో (ప్రోగ్రామర్లు) కొన్ని 3.3 వోల్టుల చిప్‌కు డేటా తీగల మీద 5 వోల్టులు పంపిస్తాయన్నదీ ఇలాగే, కాలాక తెలుసుకునే విషయం.

తలుపు ఎక్కువ కాలం తెరిచి ఉండలేదు. 2014 ప్రాంతంలో ఏఎండీ కొత్త తరాలకు సోర్సు ఆపేసి ఏజీసాను బైనరీగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఇంటెల్ అప్పటికే ఎఫ్ఎస్‌పీ అనే బైనరీ పొట్లం దారి పట్టింది. ర్యామ్ లేపే పని పొట్లం చేస్తుంది, చుట్టూ ఉన్నది మీరు రాసుకోండి అన్న ఒప్పందం. 2013లో ఇంటెల్ హాస్వెల్ తరం ప్రాసెసర్లతో వచ్చిన బూట్ గార్డ్ ఇంకో అడుగు ముందుకేసింది. తయారీదారు తన కీ గుర్తును చిప్‌లోని ఫ్యూజుల్లో కాల్చేస్తే, ఆ సంతకం లేని ఫర్మ్‌వేర్‌ను నడపకుండా ప్రాసెసర్‌నే ఆపొచ్చు. అదే కాలంలో, 2012 నుంచి, గూగుల్ వ్యవస్థ నడిచే క్రోమ్‌బుక్ ల్యాప్‌టాప్‌లు కోర్‌బూట్‌తోనే తయారై బయటకొస్తున్నాయి. కోర్‌బూట్ నడిచే మిషన్ల సంఖ్య ఎన్నడూ లేనంత పెరిగింది, ర్యామ్ కోడ్ మాత్రం చేతికి అందకుండా పోయింది. రెండూ ఒకేసారి జరిగాయి.

ఈ మార్పును ఒకే కంపెనీ బోర్డుల్లో చూడొచ్చు. స్విట్జర్లాండ్‌కు చెందిన పీసీ ఇంజిన్స్ జియోడ్‌తో ఏలిక్స్ బోర్డులు చేసింది. తర్వాత బ్రాజోస్ కుటుంబపు చిప్‌తో ఏపీయూ1 వచ్చింది, ర్యామ్ కోడ్ సోర్సు రూపంలో ఉన్న తరం. ఆపై నాలుగు కోర్ల 1 గిగాహెర్ట్జ్ జీఎక్స్-412టీసీతో ఏపీయూ2. ఫర్మ్‌వేర్ కోర్‌బూటే, ర్యామ్ లేపేది ఏఎండీ బైనరీ. అయినా సొంత ఫైర్‌వాల్ కట్టుకునేవాళ్లు ఏళ్ల తరబడి దాన్నే కొన్నారు, ఎందుకంటే కొత్త ఫర్మ్‌వేర్ క్రమం తప్పకుండా వచ్చేది. 2023లో ఆ బోర్డుల వరసకు ముగింపు పలుకుతున్నట్టు కంపెనీ ప్రకటించింది.

పాత బోర్డులకు వేరే దెబ్బ తగిలింది. కోర్‌బూట్ లోపలి నిర్మాణం మారుతున్నప్పుడు ప్రతి బోర్డు కోడ్‌నూ ఎవరో ఒకరు కొత్త పద్ధతిలోకి తేవాలి, తెచ్చాక అసలు బోర్డు మీద పరీక్షించాలి. బోర్డున్నవాడికి తీరిక లేదు, తీరికున్నవాడి దగ్గర బోర్డు లేదు. జియోడ్, ఎపియా లాంటివి ఇలాగే ప్రధాన సోర్సు నుంచి తప్పుకున్నాయి. పాత విడుదలల్లో ఇప్పటికీ ఉన్నాయి, కట్టుకోవచ్చు. అయితే వాటిని కట్టడానికి నాటి కంపైలర్ కూడా తవ్వి తీయాలి.

ఎక్స్86 కాక, ఫోన్లలో ఉండే రకం ఆర్మ్ ప్రాసెసర్ల బోర్డుల్లో ఇదంతా లేదని అనుకుంటారు. యూ-బూట్ అనే ఓపెన్ సోర్స్ బూట్ ప్రోగ్రామ్ అక్కడ ఎప్పట్నుంచో ఉంది, నిజమే. కానీ రాక్‌చిప్ చిప్‌లు చాలావాటికి ర్యామ్ ట్రైనింగ్ ఇప్పటికీ కంపెనీ ఇచ్చే బైనరీయే చేస్తుంది. ప్రశ్న మారలేదు.

ఏఎండీ 2023లో ఓపెన్‌సిల్ పేరుతో ఏజీసా స్థానంలో సోర్సు బయటపెట్టే కొత్త కోడ్ తెస్తానని ప్రకటించింది, 2026ను గడువుగా పెట్టుకుంది. తొలి అడుగు సర్వర్ చిప్‌ల మీద పడింది, చవక బోర్డుల మీద కాదు. చవక వైపు ఇప్పుడు సందడంతా ఇంటెల్ ఎన్ వరసది. 6 వాట్ల ఎన్100, దాని అన్న ఎన్97. ఎన్97తో వచ్చిన ఒడ్రాయిడ్ హెచ్4కు కోర్‌బూట్ కోడ్ ప్రధాన సోర్సులోనే ఉంది, ఎఫ్ఎస్‌పీ పొట్లం సాయంతో. ఇలాంటి బోర్డు మీద సీరియల్ లాగ్ చకచకా కదులుతూ వచ్చి, ఎఫ్ఎస్‌పీ మెమరీ ఇనిట్‌ను పిలుస్తున్నానని చెప్పే లైను దగ్గర ఆగుతుంది. మొదటిసారి బూట్ అయితే ఆ విరామం కాస్త పెద్దది, ట్రైనింగ్ ఫలితం ఇంకా ఫ్లాష్‌లో దాచుకోలేదు కాబట్టి. లోపల ఏం జరుగుతోందో ఒక్క అక్షరం కూడా రాదు. తర్వాత ర్యామ్ ఎంతుందో చెబుతూ లాగ్ మళ్లీ మొదలవుతుంది.