రోలు ఒకటే, రోకళ్ళు పది

తెనాలి

చిరంజీవులు అమ్ములుకు, చిన్నుకు తాతయ్య ఆశీస్సులు.

అమ్ములూ, మొన్న వీడియో కాల్‌లో మూతి ముడుచుకుని అడిగావు కదా: "పొడుగ్గా ఉన్నానని స్కూలు బ్యాండులో నాకు బారిటోన్ సాక్సోఫోన్ ఇచ్చారు తాతయ్యా, అడుగు స్వరాలు పలికే ఆ పెద్ద ఊదే వాయిద్యం. ట్రంపెట్ల వాళ్ళంతా ట్యూన్ వాయిస్తారు. పాట మొత్తానికి నాకొచ్చేది నాలుగు భోంలు. మిగతా టైమంతా ఊరికే కూర్చోవాలి. ఇదీ వాయించడమేనా?" అని. నేను నోరు తెరిచేలోపు సిగ్నల్ పోయింది. మళ్ళీ చేసేసరికి మీ అమ్మ నిన్ను హోంవర్కుకు కూర్చోబెట్టేసింది. ఫోన్లో అయ్యే పని కాదని ఉత్తరం రాస్తున్నాను. చిన్నూ, నువ్వూ పక్కన కూర్చుని విను. నీ తిమింగలాల ప్రశ్న నేను మర్చిపోలేదు, దాని వంతు ఇంకో ఉత్తరంలో.

సంగీతశాస్త్రం నాకు రాదు. స్వరాల లెక్కలు, తాళాల లెక్కలు కావాలంటే మీ టీచర్ని అడగండి. నేను చెప్పగలిగింది మీ ఊరి బ్యాండు ఒకదాని సంగతి, వాళ్ళ 'స్టెప్ అప్' ఆల్బమ్ సంగతి. అవును, మీ ఊరిదే. మీ కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లో మన తెలుగువాళ్ళు ఇన్ని ఇళ్ళు కొనక చాలా ముందు, ఎమీలియో కాస్టీయో అనే కుర్రాడు డెట్రాయిట్ నుంచి తల్లిదండ్రులతో ఆ ఊరికి వచ్చాడు. 14 ఏళ్ళప్పుడు అన్నదమ్ములిద్దరూ టీషర్టు దొంగిలిస్తూ పట్టుబడ్డారు. తండ్రి ఏం చేశాడంటే, గదిలోకి పంపి, మిమ్మల్ని అల్లరికి దూరంగా ఉంచే పని ఏదైనా ఆలోచించుకున్నాకే బయటికి రండి అన్నాడట. వాళ్ళు బయటికొచ్చి, సంగీతం వాయిస్తాం అన్నారు. తండ్రి అలాగే వాయిద్యాల దుకాణానికి తీసుకెళ్ళాడు. ఎమీలియో సాక్సోఫోన్ తీసుకున్నాడు. ఈ కథ ఆయనే ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు. (చిన్నూ, దీన్నిబట్టి దొంగతనం చేస్తే సాక్సోఫోన్ కొనిస్తారని అనుకోకు. మీ నాన్న నాకు తెలుసు, గదిలోకి పంపడంతోనే ఆగిపోతాడు.)

1968 వేసవిలో ఆ కుర్రాడికి స్టీఫెన్ కుప్కా అనే ఇంకొకాయన కలిశాడు. ఆయన చేతిలో ఉన్నది, అమ్ములూ, నీ వాయిద్యమే. బారిటోన్ సాక్సోఫోన్. ఇంటికి పిలిచి వాయించి చూడమంటే వాయించాడు. వంటింట్లోకి కొడుకుని పిలిచి తండ్రి ఒక్కటే మాట అన్నాడట, వీడిని తీసుకో, వీడిలో ఏదో ఉంది అని. అలా ఆ ఏడాది ఆగస్టులో టవర్ ఆఫ్ పవర్ అనే బ్యాండు మొదలైంది. పక్కనున్న ఓక్లాండ్ వాళ్ళ ఊరైపోయింది. వాళ్ళు వాయించేది ఫంక్, సోల్ అంటారు. సోల్ అంటే చర్చి పాటల్లోంచి పుట్టి ప్రేమ కబుర్లు నేర్చుకున్న నల్లవాళ్ళ పాట. ఫంక్ అంటే ఆ పాటే నడుం బిగించి గెంతడం మొదలుపెడితే వచ్చేది. ఇంతకన్నా నన్ను అడగొద్దు.

బ్యాండులో పదిమంది. రెండు ట్రంపెట్లు, మూడు సాక్సోఫోన్లు, గిటారు, బేస్ గిటారు, కీబోర్డు, డ్రమ్స్, పాడే మనిషి. పదిమంది ఒకేసారి వాయిస్తే గోల కావాలి కదా. ఎందుకు కాదు? నీ ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది.

మా చిన్నప్పుడు మా నాయనమ్మ పెరట్లో నేలలో పాతిన పెద్ద రోలు ఉండేది. ఊరికి మిల్లు వచ్చినా, మిల్లు బియ్యం సహించదని ఆవిడ దంపుడు బియ్యమే తినేది. పెళ్ళికి పసుపు కొట్టాలన్నా, ఎండాకాలంలో కారం దంచాలన్నా ఆ రోలే. ఒక రోటి చుట్టూ ముగ్గురు ఆడవాళ్ళు నిలబడేవారు, చేతికొక రోకలి. రోలు మూతి ఎంతుంటుంది, జానెడున్నర. మనిషెత్తు రోకళ్ళు మూడు అందులో పడాలి. ఒకటి దిగుతుంటే ఒకటి లేస్తుంటుంది, మూడోది గాలిలో ఆగి ఉంటుంది. ధబ్, ధబ్, ధబ్. ఒక్కసారి కూడా రోకలికి రోకలి తగలదు. తగిలితే రోకలి చివరి ఇనప పొన్ను ఎగిరి ఎవరి కాలి మీదో పడుతుంది. వాళ్ళేం లెక్కపెట్టేవాళ్ళు కాదు. కూలికి దంచేవాళ్ళు పాట అందుకునేవాళ్ళు, ఇంట్లోవాళ్ళయితే కబుర్లు చెప్పుకుంటూనే దంచేవాళ్ళు. నేను అరుగు మీద కూర్చుని, ఎప్పుడు తగులుకుంటాయా అని కన్నార్పకుండా చూసేవాడిని. నా చిన్నతనమంతా తగల్లేదు.

టవర్ ఆఫ్ పవర్ పాటల్లో కూడా అంతే. రోలు ఒకటే, రోకళ్ళు పది. ఒక్కొక్కరు వేసేది చిన్న పోటు. డ్రమ్స్ వాయించే డేవిడ్ గారిబాల్డి ఒక దెబ్బ గట్టిగా వేసి, పక్కన నాలుగు దెబ్బలు వినీ వినబడనట్టు గొణుగుతాడు. ఆ గొణుగుడు మధ్య ఖాళీల్లో రోకో ప్రెస్టియా బేస్ గిటారు పడుతుంది. ఈయన మొదట గిటారు పట్టుకుని వచ్చి, తర్వాత బేస్‌కి మారినవాడు. ఎడమచేతి వేళ్ళతో తీగల్ని తేలిగ్గా తాకి ఉంచి, ప్రతి స్వరాన్నీ పుట్టగానే నొక్కేసేవాడు. టిక టిక టిక అని చిన్న చిన్నగా, ఆగకుండా. స్వరం సాగితే పక్కవాడి చోటు ఆక్రమిస్తుంది కదా, అందుకు. ఆ పైన ట్రంపెట్లు కలిసి ఒక్క అరుపు అరిచి తప్పుకుంటాయి. తప్పుకున్న ఆ రవ్వంత ఖాళీలో, అడుగు నుంచి, భోం. అది కుప్కా. ఆయన్ని అందరూ డాక్ అంటారు.

ఆ భోం లేని పాట ఊహించుకో. దంచుతున్న ముగ్గురిలో ఒకామె నీళ్ళు తాగడానికి వెళ్తే ఏమయ్యేదో నాకు తెలుసు. మిగిలిన ఇద్దరూ దంచేవారు, పని అయ్యేది. కానీ ఆ నడక పోయేది. మా నాయనమ్మ లోపల వంటింట్లో ఉండి, చూడకుండానే, "ఎవతె పోయిందే?" అని కేకేసేది.

రోటి చుట్టూ ఇంకో మనిషి కూర్చునేది. పోటుకీ పోటుకీ మధ్య చెయ్యిపెట్టి, చెదిరిన గింజల్ని లోపలికి ఎగదోసేది. రోకలి దిగేలోపు చెయ్యి తీసెయ్యాలి. నా లెక్కలో ఆ మనిషే పాడేవాడు. మిగతావాళ్ళ పోట్ల మధ్య సందు చూసుకుని మాట లోపలికి తోసి తప్పుకుంటాడు. మీ నాన్నకి ఈ మాట చెబితే, "అలా అయితే గిటారు ఏంటి నాన్నా, కీబోర్డు ఏంటి?" అన్నాడు. గిటారు చాట, కీబోర్డు రోటి మూతి చుట్టూ పెట్టే కుందెన అన్నాను. నవ్వాడు. నవ్వనీ. నాకు మాత్రం పోలిక సరిపోయింది.

ఇక ఆల్బమ్ సంగతి. 2020లో మేము మీ ఇంటికొచ్చి ఇరుక్కుపోయాం కదా, మీకు గుర్తుండదు, అప్పుడు చిన్నూ నోట్లో వేలు తియ్యని వయసు. మార్చి 17న కరోనా అని బే ఏరియాలో, అంటే శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కలంతా, అందరినీ ఇళ్ళల్లోంచి కదలొద్దన్నారు. 19న రాష్ట్రమంతా అదే ఆర్డరు. సరిగ్గా ఆ మర్నాడు, 20వ తేదీ శుక్రవారం, ఈ బ్యాండు 'స్టెప్ అప్' అనే ఆల్బమ్ విడుదల చేసింది. ఏ ముహూర్తమో చూడండి! కొత్త పాటలు పుచ్చుకుని ఊరూరా తిరిగి వాయించుకునే బ్యాండు అది, 50 ఏళ్ళుగా వాళ్ళ బతుకే అంత. హాళ్ళన్నీ మూతబడ్డాయి. ఓక్లాండ్ వీధుల్లో కుక్క లేదు. లోకమంతా చేతులు కడుక్కునే టెన్షన్‌లో ఉంటే పాటలెవరు వింటారు?

పైగా ఇది రెండో విడత. 50 ఏళ్ళ పండుగకని కాస్టీయో ఒక్క ఆల్బమ్‌కి సరిపడా కాకుండా 28 పాటలు రికార్డు చేయించాడు. అందులో 14 పాటలు 2018లో 'సోల్ సైడ్ ఆఫ్ టౌన్' పేరుతో వచ్చాయి. పండుగ సందడి, పత్రికల్లో మాటలు, ఆ జూన్‌లో ఓక్లాండ్‌ ఫాక్స్ థియేటర్లో పెద్ద కచేరీ, అన్నీ దానికి దక్కాయి. మిగతా 14 పాటలు ఇవి. మిగిలినవి కదా, తాలు గింజలై ఉంటాయని కొందరు వినకుండానే వదిలేశారేమో. ముసలి బ్యాండులకి ఇంకో శాపం కూడా ఉంది. జనం 1973 నాటి 'వాట్ ఈజ్ హిప్' వాయించమంటారు, కొత్తది మొదలెట్టగానే కాఫీకి లేచి వెళ్తారు.

ఎలా ఉంటుందంటారా? మొదట్లో చిన్న కూత లాంటి పాట, ఈస్ట్ బే పేరు ఎలుగెత్తి చెబుతూ. ఈస్ట్ బే అంటే బే ఏరియాలో ఓక్లాండ్, ఫ్రీమాంట్ ఉన్న తూర్పు వైపు. మీరుండేది అక్కడే, గర్వపడండి. వెంటనే ఆల్బమ్ పేరున్న పాట దూకుతుంది. అక్కడ నాకు కాలు ఆగదు. చివర మళ్ళీ ఈస్ట్ బే. మధ్యలో ప్రేమపాటలు కొన్ని నాకు నిదానం అనిపించాయి, రెండు తీసేసినా నష్టం లేదు. 'ఇఫ్ ఇట్స్ టీ గివ్ మీ కాఫీ' అని ఒకటుంది. టీ అయితే నాకు కాఫీ ఇవ్వండి అనడం. మీ బామ్మ పెట్టిన టీ తాగినవాళ్ళెవరికైనా ఆ పాట కష్టం అర్థమవుతుంది. ఈ వాక్యం బామ్మకి చదివి వినిపించకండి.

నన్ను ఆశ్చర్యపరిచింది పాటలకన్నా వాళ్ళ వయసు. అప్పటికి కాస్టీయోకి 70 దగ్గరపడింది, డాక్ అంతకన్నా పెద్దవాడు. డ్రమ్స్ గారిబాల్డి సంగతైతే వినండి. 2017 జనవరిలో ఓక్లాండ్‌లోనే, కచేరీకి వెళ్తూ పట్టాలు దాటుతుంటే ఆయన్నీ, అప్పుడు బేస్ వాయిస్తున్న ఇంకొకాయన్నీ ఆమ్‌ట్రాక్ రైలు కొట్టింది. ఇద్దరూ బతికారు. గారిబాల్డి కోలుకుని వచ్చి మళ్ళీ అదే డ్రమ్స్ ముందు కూర్చున్నాడు. మీ సెంటర్‌విల్ స్టేషన్ మీదుగా కూడా ఆమ్‌ట్రాక్ వెళ్తుంది. పట్టాల దగ్గర ఇయర్‌ఫోన్లు తీసెయ్యండి, రెండు వైపులా చూడండి. తాతయ్య ప్రతి ఉత్తరంలోనూ ఏదో ఒక నీతి చెబుతాడని మీరు నవ్వుకుంటారని తెలుసు. ఈసారికిదే అది.

రోటి దగ్గరికి ఒక్కసారి వస్తాను. ఆ ముగ్గురిలో మా మేనత్త ఒకామె అందరికన్నా పెద్దది. చివరి రోజుల్లో చేతుల్లో బలం తగ్గింది. రోకలి ఎక్కువ ఎత్తు లేచేది కాదు. అయినా పడుచువాళ్ళు ఆవిడ రాకుండా దంపుడు మొదలుపెట్టేవారు కాదు. ఆవిడ పోటుతో గింజ ఎంత నలిగేదో గానీ, అది పడాల్సిన చోట, పడాల్సిన క్షణానికి పడేది. మిగతా ఇద్దరూ దాన్ని పట్టుకునే నడిచేవాళ్ళు. 'స్టెప్ అప్' వింటుంటే నాకు ఆవిడ గుర్తొచ్చింది. 1970లలో వాళ్ళు వాయించినంత కసి ఇందులో లేకపోవచ్చు. చోటు మాత్రం ఎవరూ తప్పలేదు. ఎన్నెన్ని పాటల తర్వాత, ఎంతమంది పాడేవాళ్ళు వచ్చి వెళ్ళిన తర్వాత! ఎలా తప్పకుండా ఉంటారో నేను చెప్పలేను. మా మేనత్తని అడిగినా చెప్పగలిగేది కాదు.

రోకో ప్రెస్టియా అదే ఏడాది సెప్టెంబరులో పోయాడు.

కాబట్టి అమ్ములూ, జవాబు నేను చెప్పడం కన్నా నువ్వు విని తెలుసుకోవడమే మేలు. శనివారం మీ నాన్న దగ్గర మంచి హెడ్‌ఫోన్స్ అడిగి తీసుకో. ఫోన్ స్పీకర్లో వినొద్దు, డాక్ అందులో మునిగిపోతాడు. ఆల్బమ్ పేరున్న పాట పెట్టు. మొదటిసారి ఊరికే విను. రెండోసారి పాడే ఆయన్ని, ట్రంపెట్లని పట్టించుకోకుండా అడుగున ఉన్న భోం కోసమే కాచుకుని కూర్చో. అది వచ్చినప్పుడల్లా మోకాలి మీద తట్టు. మూడోసారి, అది రాని చోట్ల ఏం జరుగుతోందో విను. అప్పుడు డాక్ ఊరికే కూర్చున్నాడేమో నువ్వే చూసి చెప్పు. చిన్నూ, నీకు డ్రమ్స్. ఆ గొణిగే దెబ్బలు వినబడుతున్నాయా లేదా అన్నదే నీ పని.

సోమవారం బ్యాండు క్లాసుకి వెళ్ళినప్పుడు నీ నాలుగు భోంలలో మొదటిదానికి ముందు ఎవరు ఆగుతున్నారో కనిపెట్టి నాకు రాయి. ట్రంపెట్లా, డ్రమ్సా? బామ్మ పంపిన కందిపొడి అందిందో లేదో కూడా రాయి. పార్సిల్ వాడు ఇంకా దారిలోనే ఉందంటున్నాడు.

ఇట్లు,
మీ తాతయ్య