"మా తమ్ముడున్నాడుగా!": పిల్లల గార్డియన్ గురించి అపోహలు - వాస్తవాలు

వీలునామా రాయించుకోవడానికి వచ్చే దంపతులు పొలం ఎవరికో, ఫ్లాట్ ఎవరికో గబగబా చెప్పేస్తారు. "మీరిద్దరూ లేకపోతే పిల్లలు ఎవరి దగ్గర ఉంటారమ్మా?" అని అడిగితే మాత్రం మొహమొహాలు చూసుకుంటారు. "అపశకునం మాటలెందుకు సార్" అంటారు. ఆ ఒక్క మాట రాయకపోవడం వల్ల పిల్లలు పడే అవస్థ చూశాను కాబట్టే పదే పదే అడుగుతాను. ఇక్కడ చెప్పేది హిందువులకు వర్తించే 1956 నాటి చట్టం గురించి. ముస్లింలకు, క్రైస్తవులకు నియమాలు వేరు.

అపోహ: మా తమ్ముడున్నాడుగా, వాడే గార్డియన్ అవుతాడు.

వాస్తవం: తల్లిదండ్రుల తర్వాత తమంతట తామే గార్డియన్ అయ్యేవాళ్లు చుట్టాల్లో ఎవరూ ఉండరు. బాబాయి, మేనమామ, చివరికి తాతయ్య కూడా ఆ లెక్కలోకి రారు. ఇంటికి తీసుకెళ్లి అన్నం పెట్టొచ్చు, బడికి పంపొచ్చు. పిల్లల పేరు మీదున్న పొలం అమ్మాలన్నా, తాకట్టు పెట్టాలన్నా ఆ చుట్టరికం ఒక్కటే చాలదు. వీలునామాలో పేరు లేకపోతే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కోర్టుకెళ్లాలి.

అలా వచ్చిన ఒక కేసులో నానమ్మ ఒకవైపు, పిన్ని ఒకవైపు పిటిషన్లు వేశారు. బాబుకి పదకొండేళ్లు. జడ్జి గారు ఛాంబర్‌లోకి పిలిచి మాట్లాడారు. బయటికొచ్చి వరండాలో నా పక్కన కూర్చుని, వాటర్ బాటిల్ మూత తిప్పుతూ అడిగాడు: "నేను పిన్ని పేరు చెప్తే నానమ్మ నాతో మాట్లాడదా అంకుల్?" ఆ బరువు వాడి మీద పడాల్సింది కాదు.

అపోహ: నాన్న రాస్తే చాలు.

వాస్తవం: తండ్రి వీలునామాలో ఎవరి పేరు రాసినా, ఆయన పోయాక తల్లి బతికుంటే ఆమే గార్డియన్. ఆ తర్వాత ఆమె తన వీలునామాలో ఇంకొకరి పేరు రాస్తే ఆమె మాటే చెల్లుతుంది. ఆమె ఏమీ రాయకుండా పోతేనే తండ్రి రాసిన పేరు మళ్లీ బతుకుతుంది. మొన్న ఒకాయన తన అన్న పేరు, ఆయన భార్య తన చెల్లి పేరు రాసుకొచ్చారు. ఇద్దరూ ఒకే ప్రమాదంలో పోతే ఎవరు ముందు పోయారన్న దాని మీదే తగువు నడుస్తుంది. అందుకే ఇద్దరూ విడివిడిగా రాయండి, కానీ ఒకే పేరు రాయండి.

అపోహ: ఇన్సూరెన్స్‌లో నామినీ పెట్టాం, అది చాలు.

వాస్తవం: నామినీ మైనరైతే డబ్బు తీసుకోవడానికి ఒక అపాయింటీని పెడతారు. ఆయన బాధ్యత ఆ పాలసీ డబ్బు వరకే. పిల్లల పెంపకానికీ దానికీ సంబంధం లేదు.

అపోహ: పెంచేవాళ్లే డబ్బూ చూడాలి.

వాస్తవం: అక్కర్లేదు. పెంపకానికి ఒకరిని, ఆస్తికి ఇంకొకరిని రాయొచ్చు. పిల్లలంటే ప్రాణం పెట్టే పిన్నికి లెక్కలు రాకపోవచ్చు. అలాంటప్పుడు ఇలా విడదీయడమే మంచిదని నా అభిప్రాయం. ఆస్తి చూసేవాళ్లు కూడా కోర్టు అనుమతి లేకుండా మైనర్ ఇల్లు, పొలం అమ్మలేరు.

స్టాంపు పేపరు కావాలా, రిజిస్ట్రేషన్ తప్పనిసరా అని చాలామంది అడుగుతారు. రెండూ తప్పనిసరి కాదు. మీ సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉంటే తెల్లకాగితం చాలు. రిజిస్టర్ చేయిస్తే తర్వాత గొడవలు తగ్గుతాయి కాబట్టి నేను చేయించమనే అంటాను.

అపోహ: ఒకసారి రాస్తే ఇక తిరుగులేదు.

వాస్తవం: మీరు బతికున్నంత కాలం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. తగువు కోర్టుకొస్తే అన్నిటికంటే ముందు పిల్లల క్షేమమే చూస్తారు. డెబ్బై ఐదేళ్ల తాతయ్య పేరు రాసేటప్పుడు, పాపకి పద్దెనిమిది నిండేసరికి ఆయనకెన్నేళ్లో ఒకసారి లెక్కేసుకోండి.

పేరు రాసే ముందు ఆ మనిషిని కూర్చోబెట్టి అడగండి. ఇష్టం లేనివాళ్లను కోర్టు కూడా గార్డియన్‌గా పెట్టదు. ఒక తల్లి అలా చెల్లెల్ని అడిగి ఒప్పించాక, వీలునామాతో పాటు నోటుబుక్కులోంచి చింపిన కాగితం ఒకటి తెచ్చింది. "చిన్నదానికి పల్లీలు పడవు. పెద్దాడు లైటార్పితే నిద్రపోడు, కసరొద్దు" అని ఉంది. దాన్నీ అదే కవర్లో పెట్టి అంటించాను.