బత్తాయి మొక్కలో రెండు చెట్లు

పెరట్లో ఆరెంజ్ చెట్టు వేద్దామని నర్సరీకి వెళ్తే ముందు కంట్లో పడేది చిన్న కుండీలో గుత్తులుగా పండ్లు వేలాడుతున్న మొక్క. చైనా ఆరెంజ్ అని అమ్ముతారు. దాని అసలు పేరు కాలమండిన్. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, రసం మాత్రం నిమ్మరసమంత పులుపు. షర్బత్‌కి సరే, తినడానికి పెంచుకోవాలంటే దాన్ని దాటి ముందుకెళ్లాలి.

తెలుగు రాష్ట్రాల్లో ఇంటి పెరటికి నా ఓటు బత్తాయికే. అనంతపురం, కడప, నల్లగొండ తోటల్లో ఎక్కువగా కనిపించే సాత్‌గుడి రకం మన ఎండకు అలవాటు పడింది. కమలా ఆదిలాబాద్ వైపు బాగా వస్తుంది. మిగతా చోట్ల వేసినవాళ్లు నాగపూర్ పండు రంగు కోసం ఎదురుచూసి నీరుగారిపోతుంటారు. తొక్కలోని పత్రహరితం పోయి నారింజ రంగు రావాలంటే రాత్రిళ్లు బాగా చల్లబడాలి, సుమారు 13 డిగ్రీల దాకా దిగాలి. వెచ్చని చోట పండు లోపల పూర్తిగా పండినా పైకి పచ్చగానే ఉంటుంది. కొన్నిచోట్ల ఎథిలీన్ గ్యాస్ పెట్టి రంగు తెప్పిస్తారు. దానివల్ల మారేది తొక్కే, తీపి పెరగదు.

తిన్న పండు గింజనే నాటితే పోలేదా అని చాలామంది అడుగుతారు. ప్రశ్న తెలివైనదే. బత్తాయి గింజలో తరచుగా ఒకటికి మించి పిండాలుంటాయి. వాటిలో చాలావరకు పుప్పొడి వాటా లేకుండా తల్లి కణాల నుంచే పుడతాయి. అందుకే మామిడి టెంకకు ఉన్నంత అనిశ్చితి ఇక్కడ లేదు, పిల్ల ఎక్కువగా తల్లి నకలే. చిక్కల్లా ఏమిటంటే గింజ మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఒళ్లంతా ముళ్లు. పైగా బత్తాయి సొంత వేళ్లు బంక తెగులుకు, అంటే మొదలు కుళ్లి బంక కారే జబ్బుకు, తేలిగ్గా లొంగిపోతాయి.

కాబట్టి అంటు మొక్కే కొనాలి. అంటు మొక్క అంటే రెండు చెట్లు. పైన సాత్‌గుడి, కింద వేరే జాతి వేరు: మామూలుగా రంగపూర్ నిమ్మ, లేదంటే జంబేరి అనే ఇంకో నిమ్మ. కొనేవాళ్లు పైదాని పేరే అడుగుతారు. కిందిదాన్ని కూడా అడగాలి, ఎందుకంటే నీటి ఎద్దడినీ, సున్నపు నేలనీ, ఉప్పు బోరు నీళ్లనీ భరించాల్సింది అదే. 1940ల్లో బ్రెజిల్‌లో ట్రిస్టెజా అనే వైరస్ వల్ల పుల్ల నారింజ వేరు మీద అంటు కట్టిన చెట్లు లక్షల్లో చచ్చిపోయాయి. అప్పుడు అక్కడి రైతులు మారింది మన ఉపఖండపు రంగపూర్ నిమ్మకే. బెట్టను తట్టుకుంటుంది కాబట్టి నీళ్లు పోయడం మరిచిపోయే ఇంటికీ అదే మేలు.

నర్సరీలో ముందు అంటు కట్టిన చోటు చూడండి. వేరు దగ్గర నుంచి జానెడు ఎత్తులో, పూర్తిగా అతుక్కుని ఉండాలి. తర్వాత ఒక ఆకును ఎండకు ఎదురుగా పట్టుకోండి. నడి ఈనెకు రెండు వైపులా పసుపు ఒకేలా పరుచుకుని ఉంటే జింకో ఇనుమో తక్కువైందని అర్థం, అది సరిదిద్దుకోవచ్చు. ఒక పక్క ఒకలా, రెండో పక్క ఇంకోలా మచ్చలు మచ్చలుగా ఉంటే గ్రీనింగ్ తెగులని అనుమానించాలి. దానికి మందు లేదు. ఆ మొక్క ఊరికే ఇచ్చినా తెచ్చుకోవద్దు.

నాటడంలో ఎక్కువమంది పొరపడేది లోతు దగ్గర. రెండున్నర అడుగుల గుంత తీసి, పైమట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు కలిపి నింపుతాం. వానలు పడ్డాక ఆ మట్టి దిగుతుంది, దాంతోపాటు మొక్కా దిగుతుంది. అతుకు మట్టిలో కలిసిపోతే పైనున్న బత్తాయి బెరడు తడికి దొరికిపోతుంది. బంక తెగులు తెచ్చే ఫైటాఫ్తోరా అనే బూజు లాంటి సూక్ష్మజీవి బీజాలకు తోకలుంటాయి, నీళ్లలో ఈదుకుంటూ వస్తాయి. మొదలు చుట్టూ నీళ్లు నిలిచే పాదు వాటికి స్విమ్మింగ్ పూల్ లాంటిది. అందుకే గుంత నింపాక నేలమట్టం కంటే కాస్త ఎత్తుగా నాటాలి, అతుకు జానెడు పైనే ఉండాలి. మొదలు దగ్గర మట్టి ఎగదోసి చిన్న కట్ట కట్టి, దాని బయట ఇంకో కట్ట వేసి, నీళ్లు ఆ రెంటి మధ్యే పోయాలి. వేళ్లు ఎలాగూ అటే పోతాయి. నల్లరేగడి నేలైతే మట్టి దిబ్బ పోసి దాని మీద నాటడం నయం. మిద్దె మీద డ్రమ్ములో కూడా పెరుగుతుంది, కాకపోతే అడుగున కన్నాలు మూసుకుపోకుండా చూసుకోవాలి.

అతుకు కింద నుంచి ఏ చిగురు వచ్చినా గిల్లేయండి. అది నిమ్మ చిగురు, లేతగా ఉన్నప్పుడు కాస్త ఊదా ఛాయలో ఉంటుంది. దమ్ము ఎక్కువ, వదిలేస్తే పైనున్న బత్తాయిని మించిపోతుంది. "మా చెట్టు నాలుగేళ్లు తీపి కాసి ఇప్పుడు పులుపు కాస్తోంది" అనేవాళ్ల ఇంట్లో జరిగింది ఇదే. బత్తాయి ఎప్పుడో పోయింది, కింది చెట్టు మిగిలింది. అన్నట్టు రంగపూర్ నిమ్మ పండు ముదురు నారింజ రంగులో అచ్చం కమలాలా ఉంటుంది.

మొదటి రెండు మూడేళ్లు పూత వస్తే తుంచేయాలి. చెట్టు ఎదిగాక మాత్రం రోజూ నీళ్లు పోయడమూ తప్పే. చలి అంతగా లేని మన దగ్గర పూతకు బెట్టే సంకేతం. అందుకే రైతులు కొన్ని వారాలు నీళ్లు ఆపి, ఆకు వాడే దశకు వచ్చాక మళ్లీ తడి ఇస్తారు. పూసిన ఎనిమిది, తొమ్మిది నెలలకు కాయ తయారవుతుంది. బత్తాయి అరటిలా కోశాక మాగదు, చెట్టు మీద ఎంత తీపి వచ్చిందో అంతే. ముదురు పచ్చదనం కొద్దిగా తేలిక పడగానే ఒక కాయ కోసి రుచి చూడండి. పుల్లగా ఉంటే మిగతావి ఇంకో రెండు వారాలు చెట్టునే ఉండనివ్వండి.